ఎత్తు కొమ్మలు కొట్టడానికి ఏ దోటి రంపం కొనాలి?

పొడవాటి కర్ర చివర రంపమో కత్తెరో బిగించిన పనిముట్లు ఇప్పుడు చాలా రకాలు దొరుకుతున్నాయి. చేత్తో లాగే దోటి రంపం, తాడు లాగితే పనిచేసే దోటి కత్తెర, కర్ర చివర చెయిన్ తిరుగుతూ కోసే బ్యాటరీ పోల్ సా, అలాంటిదే వైరు పెట్టుకుని కరెంటుతో నడిపేది, పెట్రోల్ ఇంజన్‌ది, వీటికి తోడు రెండు కొసలకీ తాళ్లు కట్టి కొమ్మ మీదకి విసిరే గొలుసు రంపం. కొనబోయేవాళ్లు ఎక్కువమంది రెండే అడుగుతారు: ఎంత ఎత్తు అందుతుంది, ఎంత పవర్ ఉంది. నన్నడిగితే ఈ రెండూ ఆఖర్న అడగాల్సిన ప్రశ్నలు. మీరు కొట్టబోయే కొమ్మ ఎంత లావు, కర్ర కొసన ఎంత బరువు అన్నవి ముందు తేల్చుకోండి, సగం మోడళ్లు వాటంతట అవే పక్కకి పోతాయి.

ఎత్తు గురించి మాత్రం ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే అట్టపెట్టె మీద అంకె చూసి బోల్తా పడేది ఇక్కడే. "4.5 మీటర్ల దాకా అందుతుంది" అని రాసి ఉందంటే పనిముట్టు పొడవు అంత ఉందని కాదు. మనిషి నిలబడి చేతులెత్తి పట్టుకున్నప్పటి లెక్క అది, అసలు కర్ర చాలాసార్లు రెండున్నర, మూడు మీటర్లే ఉంటుంది. పైగా కర్రని నిట్టనిలువుగా పట్టుకుని కోయకూడదు, కోస్తే తెగిన కొమ్మ నేరుగా నెత్తి మీదకే వస్తుంది. మోటారు పోల్ సాల మాన్యువళ్లలో కర్రని 60 డిగ్రీలకి మించి లేపొద్దని రాస్తారు, చేతి రంపానికీ అదే పద్ధతి మంచిది. 4 మీటర్ల కర్రని 60 డిగ్రీల వాలులో పట్టుకుంటే పైకి వెళ్లేది దాదాపు 3.5 మీటర్లు, కొమ్మకీ మీకూ మధ్య నేల మీద దూరం 2 మీటర్లు. కర్ర అడుగు నడుము దగ్గర, అంటే నేలకి మీటరు ఎత్తులో ఉందనుకుంటే మీరు భద్రంగా కోయగలిగేది నాలుగున్నర మీటర్ల ఎత్తులో ఉన్న కొమ్మని. అదే 3 మీటర్ల కర్రకి ఇది మూడున్నర దాటి ఇంకో పది సెంటీమీటర్లు, అంతే. పొడవు తెలిసిన కర్ర ఒకటి మానుకి ఆనించి, దూరంగా వెళ్లి చూస్తే కొమ్మ దానికి ఎన్ని రెట్ల ఎత్తులో ఉందో తెలిసిపోతుంది. కొనే ముందు ఈ చిన్న పని చేయండి.

ఇక కొసన ఉండే బరువు. మొత్తం బరువు 4 కిలోలు అని రాసిన రెండు బ్యాటరీ పోల్ సాలు పక్కపక్కన పెడితే, ఒకటి అరగంట పట్టుకున్నా ఏమీ అనిపించదు, ఇంకోటి ఐదు నిమిషాల్లో భుజాలు లాగేస్తుంది. తేడా మోటారు ఎక్కడుందన్నదే. కొన్నిట్లో మోటారు కొసన, రంపం పక్కనే ఉంటుంది, లోపల మెకానిజం సులువు కాబట్టి తక్కువ ధర మోడళ్లు ఎక్కువగా ఇలాగే వస్తాయి. ఇంకొన్నిట్లో మోటారు చేతి దగ్గర ఉండి, పైపు లోపలి కడ్డీ తిరిగి పైన చెయిన్‌ని నడుపుతుంది, బ్యాటరీ కూడా వెనకే ఉండటంతో కర్ర తూకంగా ఉంటుంది. షాపులో అడిగి కర్ర పూర్తిగా చాపించండి, పైన ఏదో ఒక గుర్తు చూసుకుని కొసని దాని మీద ఒక నిమిషం కదలకుండా నిలిపి చూడండి. ఆ నిమిషంలోనే కొస ఊగిపోతుంటే, చెట్టు కింద మెడ పైకెత్తి, కళ్లలోకి పొట్టు రాలుతుండగా అది మీ మాట వినదు. ఊగే కొస అంటే తప్పు చోట కోత, చీలిన బెరడు. ఆన్‌లైన్లో కొనేవాళ్లకి ఈ పరీక్ష కుదరదు కాబట్టి కనీసం ఫొటోలో మోటారు ఎక్కడుందో చూసుకోండి.

చేతి దోటి రంపాన్ని చాలామంది పాతకాలం సరుకు కింద కొట్టిపారేస్తారు. ఇంటి చుట్టూ నాలుగు చెట్లున్నవాళ్లలో ఎక్కువమందికి నేను మొదట చెప్పేది మాత్రం అదే. 33 నుంచి 40 సెంటీమీటర్ల వంపు బ్లేడు, వెనక్కి లాగినప్పుడు మాత్రమే కోసే పళ్లు. లాగేటప్పుడే కోస్తుంది కాబట్టి బ్లేడు పలచగా ఉన్నా వంగిపోదు, మీ బలం, రంపం బరువు రెండూ ఒకే వైపు పనిచేస్తాయి. పదునైన బ్లేడుతో మణికట్టు లావు కొమ్మ అనుకున్నదానికంటే చాలా తొందరగా తెగుతుంది. మొదటి రెండు మూడు లాగుళ్లకి బ్లేడు బెరడు మీద జారుతుంది, అప్పుడు గట్టిగా నొక్కకుండా నెమ్మదిగా ఒక గాడి పడనివ్వాలి. గాడి పడ్డాక పొడవుగా, బ్లేడు మొత్తం వాడుతూ లాగండి, పొట్టి పొట్టిగా గీరితే చెయ్యి నొప్పి తప్ప పని జరగదు. సగం దాటాక కొమ్మ బరువుకి కోత నోరు తెరుచుకోవడం కింద నుంచే కనిపిస్తుంది, చిటపటమన్న చప్పుడు మొదలవుతుంది, అదే మీరు ఒక అడుగు పక్కకి జరగాల్సిన క్షణం. బ్లేడు మొదట్లో కొక్కెం ఉన్న మోడల్ తీసుకోండి, రంపం కొమ్మ మీద నుంచి జారిపోకుండా ఆపుతుంది, పైన చిక్కుకున్న కొమ్మని కిందికి లాగడానికీ పనికొస్తుంది. ఇంధనం, ఛార్జింగ్, చెయిన్ ఆయిల్ గొడవలేమీ లేవు. ఐదారు మీటర్ల పొడవుండే కర్రలు కూడా ఈ రకంలోనే దొరుకుతాయి, కొసన మోటారు లేదు కాబట్టి అంత పొడవునా పట్టుకోగలరు. అయితే పూర్తిగా చాపినప్పుడు కర్ర బాగా వంగుతుంది, ఆ పొడవులో సరిగ్గా అనుకున్న చోట బ్లేడు పెట్టడానికి కొంత అలవాటు కావాలి.

దీనికి పరిమితి కొమ్మ లావు. పది సెంటీమీటర్ల దాకా బాగా నడుస్తుంది, ఆ పైన తెగుతుంది గానీ, అలాంటివి వరసగా ఐదారు ఉన్నాయంటే మీ భుజం ఒప్పుకోదు.

తాడుతో పనిచేసే దోటి కత్తెర వేరే పనికి. 2.5, మహా అయితే 3 సెంటీమీటర్ల లావు రెమ్మలకి అది బ్రహ్మాండంగా ఉంటుంది, ఒక్క లాగుకి నున్నగా తెగుతుంది. రంపంతో సన్న రెమ్మలు కోయడం చిరాకు, బ్లేడు తగలగానే రెమ్మ ఊగుతుంది తప్ప తెగదు. కత్తెర కొనేటప్పుడు రెండు చూడండి. ఒకటి, రెండు బ్లేడులు ఒకదాని పక్కనుంచి ఒకటి జారే బైపాస్ రకమా, బ్లేడు వచ్చి దిమ్మ మీద నొక్కే యాన్విల్ రకమా అని. పచ్చి కొమ్మలకి బైపాస్, యాన్విల్ అయితే పచ్చి రెమ్మని నలిపేస్తుంది, ఎండు పుల్లలకి పర్వాలేదు. రెండోది తాడు. అది బయట వేలాడుతుంటే ప్రతి రెమ్మలోనూ చిక్కుకుంటుంది, తాడో పట్టీయో కర్ర లోపల నుంచి వచ్చే రకం ఉంటే అదే తీసుకోండి. కప్పీలు ఎక్కువ ఉంటే లాగడం తేలిక, కాకపోతే తాడు ఎక్కువ పొడవు లాగాలి. కత్తెర తలకే రంపం కూడా బిగించుకునే జంట సెట్లు దొరుకుతాయి, చిన్న తోటకి అవి మంచివే, కోసేది రంపంతో అయినప్పుడు కత్తెర తల విప్పి పక్కన పెట్టే వీలుంటే ఇంకా మంచిది. లేకపోతే ఆ బరువంతా కొసన ఊరికే మోయాలి.

బ్యాటరీ పోల్ సా ఎవరికి కావాలంటే, ఏడాదికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ పదీ ఇరవై కొమ్మలు, అవీ ఐదు నుంచి పన్నెండు సెంటీమీటర్ల లావున్నవి కొట్టాల్సినవాళ్లకి. భుజం నొప్పి ఉన్నవాళ్లకి కూడా, కాకపోతే బరువు ఎత్తి పట్టుకునే నొప్పి అలాగే ఉంటుంది, ముందుకీ వెనక్కీ లాగే శ్రమ మాత్రమే తప్పుతుంది, ఈ తేడా గుర్తుంచుకోండి. బార్, అంటే చెయిన్ తన చుట్టూ తిరిగే పొడవాటి పలక, సాధారణంగా 20 లేదా 25 సెంటీమీటర్లు. 20 సెంటీమీటర్ల బార్ ఉందని 20 సెంటీమీటర్ల కొమ్మకి పెట్టకండి, బార్ కొస అవతల కొంత బయటికి ఉండాలి, కాబట్టి 15 దాటితే వదిలేయాలి.

వోల్టేజీ అంకెల దగ్గర జనం బాగా తికమకపడతారు. 20 వోల్ట్ మ్యాక్స్ అన్నది, 18 వోల్ట్ అన్నది ఒకటే, ఒకరు నిండుగా ఛార్జ్ అయినప్పటి అంకె చెబుతారు, ఇంకొకరు మామూలుగా ఉండే అంకె చెబుతారు. 40 మ్యాక్స్, 36 కూడా అంతే. ఒక ఛార్జికి ఎంత పని జరుగుతుందో తెలియాలంటే వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణించండి. 18 వోల్టుల 4 ఆంపియర్ అవర్ బ్యాటరీ 72 వాట్ అవర్లు, 36 వోల్టుల 2 ఆంపియర్ అవర్‌దీ అదే 72. పెద్ద వోల్టు అంకె చూసి ఎక్కువసేపు నడుస్తుందని అనుకోవద్దు. ఇప్పటికే ఇంట్లో డ్రిల్లో గడ్డి కోసే మెషీనో ఒక కంపెనీ బ్యాటరీతో ఉంటే, అదే బ్యాటరీ పట్టే పోల్ సా విడిగా, బ్యాటరీ లేకుండా కొనడం అన్నిటికంటే తెలివైన పని. చెయిన్‌కి ఆయిల్ దానంతట అదే పడుతుందా, మీరు పోయాలా అన్నది కూడా అడగండి. కర్ర ప్రతిసారీ దింపి ఆయిల్ పోయడం మొదట్లో చేస్తారు, తర్వాత మానేస్తారు, అప్పుడు చెయిన్, బార్ రెండూ పాడవుతాయి.

వైరుతో నడిచే ఎలక్ట్రిక్‌ది తేలిగ్గా, చవగ్గా ఉంటుంది, ఛార్జింగ్ అయిపోయే బాధ లేదు. చెట్టు ప్లగ్‌కి దగ్గర్లో ఉంటే సరే. ఎక్స్‌టెన్షన్ వైరు సన్నగా, పొడవుగా ఉంటే మోటారుకి వోల్టేజీ తగ్గి వేడెక్కుతుంది, కాళ్ల దగ్గర వైరు, పైన పడే కొమ్మ, రెండిటినీ ఒకేసారి కనిపెట్టుకోవడం మాత్రం నాకు నచ్చని విషయం. లీకేజీ పట్టి ఆపేసే బ్రేకర్ లేని లైన్ మీద దీన్ని వాడనే వాడొద్దు.

పెట్రోల్ పోల్ సా తోటలు, ఎస్టేట్లు చూసుకునేవాళ్లకి. శక్తి, పొడవు రెండూ ఎక్కువ, దాదాపు 4 మీటర్ల దాకా సాగే కర్రలు, 30 సెంటీమీటర్ల బార్లు ఉంటాయి. బరువు ఏడెనిమిది కిలోలకి చేరుతుంది, భుజానికి బెల్ట్ లేకుండా ఎత్తలేరు. చాలా మోడళ్లకి పెట్రోల్‌లో ఆయిల్ 50 పాళ్లకి ఒక పాలు, అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు కలపాలి, వాడకుండా నెలల తరబడి పెట్రోల్ అందులోనే వదిలేస్తే కార్బురేటర్ మూసుకుపోతుంది. ఏడాదికి ఒకసారి వాడటానికి ఇది కొనడం శుద్ధ దండగ. అలాంటి పని పడితే అద్దెకి తెచ్చుకోండి.

తాళ్ల గొలుసు రంపం గురించి గట్టిగానే చెబుతాను: వద్దు. చూడ్డానికి చవక, ఎంత ఎత్తైనా అందుతుంది. కానీ గొలుసు కొమ్మ మీద ఎక్కడ కూర్చుంటే అక్కడే కోస్తుంది, మానుకి దగ్గరగా సరైన చోట పెట్టడం మీ చేతుల్లో లేదు. బెరడు కింది దాకా చీరుకుపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, దాన్ని లాగాలంటే కొమ్మ కిందే నిలబడాలి.

సరైన చోట అని ఊరికే అనడం లేదు. కొమ్మ మానులో కలిసే చోట ఉబ్బెత్తుగా ఉంగరంలాంటి భాగం ఉంటుంది, కాలర్ అంటారు. కోత దానికి తగలకుండా, దాని బయటి అంచున పడాలి. మానుకి నున్నగా సమానంగా కోసేయడమే శుభ్రమైన కోత అని ఒకప్పుడు అంతా అనుకునేవాళ్లు. అలెక్స్ షైగో అనే అమెరికా అటవీ శాస్త్రవేత్త వేల కొద్దీ చెట్లని నిలువునా కోసి పరిశీలించి, చెట్టు గాయాన్ని మన చర్మంలా మాన్పుకోదనీ, దాని చుట్టూ గోడ కట్టి కుళ్లుని అక్కడికక్కడే ఆపుతుందనీ, ఆ గోడ కట్టే పనికి కాలర్ కావాలనీ చూపించాడు. కాలర్‌ని కోసేస్తే కుళ్లు మానులోకి దిగుతుంది. మరీ దూరంగా మోడు వదిలేసినా అది ఎండి, కుళ్లి అదే దారి పడుతుంది. గాయానికి పెయింట్ పూయడం వల్ల కూడా ఉపయోగం లేదు. అందుకే పనిముట్టుని చూసేటప్పుడు నేను మొదట అడిగేది, దీన్ని ఆ అంచు మీద కదలకుండా పెట్టగలనా అని. ఈ పరీక్షలో తేలికైన చేతి రంపం, తూకంగా ఉండే బ్యాటరీ రంపం నిలబడతాయి. కొస బరువున్నవి తేలిపోతాయి.

ఐదు సెంటీమీటర్లు దాటిన ఏ కొమ్మకైనా మూడు కోతలు తప్పవు. మానుకి జానెడు, జానెడున్నర దూరంలో కింది వైపు నుంచి మందంలో పావు వంతు దాకా మొదటి కోత. దానికి కొంచెం అవతల పై నుంచి రెండో కోత, దాంతో కొమ్మ విరిగి పడిపోతుంది, కింది కోత ఉండటం వల్ల బెరడు చీరుకుంటూ మాను దాకా రాదు. మిగిలిన మోడుని కాలర్ అంచున మూడో కోతతో తీసేయాలి. చెయిన్ ఉన్న పోల్ సాలకి బార్ పై అంచుతో కింది కోత సులువు, కాకపోతే అప్పుడు కర్ర మీ వైపుకి నెడుతుంది, గట్టిగా పట్టుకోండి. చేతి రంపంతో కింది నుంచి కోయడం కష్టమే, కర్రని పైకి ఎత్తి పట్టుకుని లాగాలి. లోతుగా వెళ్లక్కర్లేదు, బెరడు తెగి రెండు మూడు మిల్లీమీటర్లు కలపలోకి దిగినా చీలిక చాలావరకు ఆగిపోతుంది. కొన్ని చేతి రంపాల కొసన బెరడు కోయడానికే చిన్న కొడవలిలాంటి కత్తి ఉంటుంది, అది ఉన్న మోడల్ దొరికితే వదులుకోవద్దు.

కర్ర మెటీరియల్ సంగతి. అల్యూమినియం తేలిక, బిర్రుగా ఉంటుంది, కరెంటు తీగకి తగిలిందో ప్రాణం పోతుంది. ఫైబర్‌గ్లాస్ కొంచెం బరువు, కొంచెం ఎక్కువ వంగుతుంది, పొడిగా శుభ్రంగా ఉన్నప్పుడు కరెంటు పారదు, కానీ తడిసినా, మట్టి, జిగురు పట్టినా ఆ నమ్మకం పోతుంది, కరెంటు పని కోసమే పరీక్షించి ముద్ర వేసిన కర్ర అయితే తప్ప దాన్ని రక్షణ అనుకోకూడదు. చెట్టు దగ్గర తీగలున్నాయంటే ఏ కర్ర అన్న చర్చే అనవసరం. మీరు, కర్ర, తెగి పడే కొమ్మ, మూడిట్లో ఏదీ తీగకి 3 మీటర్ల లోపు రాకూడదు, హైటెన్షన్ లైన్ అయితే ఇంకా చాలా దూరం ఉండాలి. ఆ లోపు ఉన్న కొమ్మ మీది కాదు, కరెంటు సంస్థకి చెప్పండి.

పైపులు ఒకదాంట్లోంచి ఒకటి సాగే రకంలో లాక్ చూడండి. తిప్పి బిగించేవి దుమ్ము చేరాక జారుతుంటాయి, రంధ్రంలో పిన్ను పడి, పైన క్లాంప్ బిగుసుకునే రకం నమ్మకమైనది. గుండ్రటి పైపు కంటే కోడిగుడ్డు ఆకారంలో ఉన్నది చేతిలో తిరగదు, కోత వంకర పోదు.

బరువు విషయంలో ఒక లెక్క చెప్పి తీరాలి. 15 సెంటీమీటర్ల లావు, 3 మీటర్ల పొడవున్న పచ్చి కొమ్మ ఆకులు, రెమ్మలు కాక 45, 50 కిలోలుంటుంది. అది నాలుగు మీటర్ల ఎత్తు నుంచి పడితే హెల్మెట్ ఆపలేదు. లావు కొమ్మని ఎప్పుడూ ఒకేసారి కొట్టొద్దు, కొస నుంచి మీటరు మీటరు ముక్కలుగా తగ్గించుకుంటూ రండి. ఇంకో ప్రమాదం చాలామందికి తట్టదు: తెగిన కొమ్మ కొన్నిసార్లు కింద పడకుండా మొదలు వైపు కర్ర మీదకి వాలి, కర్ర వెంటే జారి చేతుల మీదకి వస్తుంది. అందుకే కర్రకి సరిగ్గా వెనక కాకుండా ఒక పక్కకి నిలబడాలి, వెనక్కి పరిగెత్తే దారి ముందే ఖాళీ చేసి ఉంచుకోవాలి. హెల్మెట్, కళ్లద్దాలు తప్పనిసరి, మిగతావాళ్లు 15 మీటర్ల అవతల ఉండాలి. నిచ్చెన ఎక్కి పోల్ సా వాడాలనే ఆలోచన వచ్చిందంటే మీ కర్ర ఆ కొమ్మకి చాలదని అర్థం, పొడవు కర్ర తెచ్చుకోండి లేదా మనిషిని పిలవండి.

మనిషిని ఎప్పుడు పిలవాలంటే: కొమ్మ 15 సెంటీమీటర్లు దాటినా, ఇంటి కప్పు మీదకో గోడ మీదకో వంగి ఉన్నా, తీగలు దగ్గరున్నా, కొమ్మ మొదట్లో పగులో తొర్రో కనిపించినా. ఈ నాలుగిట్లో ఏ ఒక్కటున్నా మీరు కొనే ఏ పనిముట్టూ సరిపోదు.

ఇవేవీ లేకపోతే నా ఎంపిక ఇలా ఉంటుంది. నాలుగైదు చెట్లు, కొమ్మలు మణికట్టు లావు లోపు ఉంటే కొక్కెం, వంపు బ్లేడు ఉన్న చేతి దోటి రంపం, సన్న రెమ్మలు ఎక్కువైతే దానికి తోడు తాడు కత్తెర. చెట్లు ఎక్కువుండి, ఇంట్లో ఇప్పటికే ఏదో కంపెనీ బ్యాటరీ ఉంటే అదే కంపెనీ పోల్ సా, అదీ మోటారు వెనక ఉన్నది. ఐదు మీటర్ల పైన ఉన్న కొమ్మలకి మళ్లీ చేతి రంపమే, మోటారువి అంత దూరం తూకంగా అందవు. ఒకే సీజన్‌లో చెట్టు ఆకుల గుబురులో పావు వంతుకి మించి తీయకండి, కాబట్టి ఒక్క రోజులో అంతా కొట్టేసే యంత్రం కోసం వెతకాల్సిన పనీ లేదు.

కొన్నాక మొదటిసారి భుజం ఎత్తులో ఉన్న కొమ్మ మీద వాడి చూడండి. బ్లేడు ఎలా పట్టు దొరకబుచ్చుకుంటుంది, చెయిన్ ఎటు లాగుతుంది అన్నది కళ్ల ముందు చూస్తే తెలుస్తుంది, పైన చేసేటప్పుడు అదే కనిపించనిది. పని అయ్యాక బ్లేడుకి పట్టిన జిగురు స్పిరిట్‌తో తుడిచి, పలచగా నూనె రాసి పెట్టండి, జబ్బు చెట్టు మీద వాడితే తర్వాతి చెట్టుకి వెళ్లే ముందే తుడవాలి. చేతి రంపాల్లో మంచివాటి పళ్లు చాలావరకు ఇంట్లో ఆకురాయితో సానపట్టేవి కావు, మొద్దుబారితే బ్లేడే మార్చాలి, కాబట్టి విడి బ్లేడు దొరికే కంపెనీదో కాదో కొనే రోజే అడిగేయండి.